ఎల్లా మీనా

హైడెల్‌బర్గ్,
12 అక్టోబరు 2025, ఆదివారం.

ప్రియమైన చెల్లి జెరుషాకు,

మీ మేరీ అక్క యేసయ్య పేరిట నీకూ, మీ ఆయన సృజన్‌కీ, నేనింకా చూడని మీ పాపకీ వందనాలు చెబుతోంది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ మీ ముగ్గురూ క్షేమమని నమ్ముతున్నాను. ఇంతవరకూ పెద్దలు నేర్పిన పద్ధతి, ఇక్కణ్ణించి నా పద్ధతి.

ఈ కవరు మీద నా చేతిరాత చూడగానే చింపేసే రకానివి నువ్వు. చింపకు. వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేసి ఆరేళ్లయింది, ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే ఈ కాగితం. మీ అడ్రసు మాగ్డెబర్గ్ ఫెలోషిప్ పాస్టరమ్మగారిని బతిమాలి తెచ్చుకున్నాను. ఆవిణ్ణి ఏమీ అనకు. నేను పట్టుకుంటే ఎలాంటివాళ్లయినా లొంగాల్సిందేనని నీకు తెలుసు.

నువ్వు నర్సాపురం నుంచి ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చిన చిన్న రోలు మా బాల్కనీలోనే ఉంది. మీ బావ డెరిక్ మిక్సీ కొన్నాడు. ఆ మిక్సీ పచ్చడి తిన్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు, ఇది పచ్చడి కాదు పేస్టు అని మూతి ముడిచేదానివి. మా అబ్బాయి జోనాకి పద్నాలుగు నిండాయి. నేను తెలుగులో తిడితే వాడు జర్మన్‌లో జవాబు చెబుతాడు. తోడబుట్టకపోయినా సొంత చెల్లిలా నువ్వు మాతో ఉన్న చిన్న గది మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. చాలామంది అడిగారు గానీ మనసొప్పలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. హెర్ ఓస్టర్‌లో అనే పెద్దాయన గుర్తున్నాడా? మన మీనా తాత. 2019లో తుంటి ఆపరేషన్ అయ్యాక మనిద్దరం పనిచేసిన వృద్ధాశ్రమానికి వచ్చాడు, రిటైరైన డాక్టరు, తాతల కాలంలో చిలీ వెళ్లి స్థిరపడ్డ జర్మన్ల మనవడు. ఆపరేషన్ మత్తు తలకెక్కి మూడు వారాలు మతి చెదిరింది. పొద్దున్నంతా బాగానే ఉండేవాడు, సాయంత్రం అయిదయ్యేసరికి జర్మన్ మర్చిపోయి స్పానిష్‌లో ఒకటే కేకలు. మనిద్దరికీ స్పానిష్ ముక్క రాదు. ‘ఎల్లా మీనా, ఎల్లా మీనా’ అని వినపడేది. ముసలాయనకి తెలుగొచ్చే, ఎవరో మీనాని ఎలా, ఎలా అని అడుగుతున్నాడే అని మనం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ వెనకే ‘కాపియ్యా, కాపియ్యా’ అనేవాడు. కాఫీ ఇయ్యమంటున్నాడు పాపం అని నువ్వు పరుగెత్తి కప్పు తెచ్చేదానివి. ఆయన ఆ కప్పు విసిరికొట్టేవాడు.

నవ్వడం ముందు నువ్వే మానేశావు. ఒక సాయంత్రం ఆయన రెండు చెవులూ మూసుకుని ఏడుస్తుంటే నీ నీలం నోటుబుక్కు తీసి, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టావు. మన అక్షరాల్లో పట్టని శబ్దం ఉండదక్కా అన్నావు. రెండు వారాలు రాశావు, రోజూ అవే మాటలు. ఈయన ఏదో ఘోరం చూశాడు, లేకపోతే చేశాడు, స్పానిష్ వచ్చినవాళ్లకి ఇది చూపించాలి అన్నావు. డైరెక్టరమ్మకి నేనే చూపిస్తానని ఆ పుస్తకం నీ దగ్గర తీసుకున్నాను. వారం తర్వాత నువ్వడిగితే, డెరిక్ పుట్టినరోజుకి చికెన్ కాల్చిన గ్రిల్లులో వేసేశానని చెప్పాను. మన వీసాలు, మన నర్సింగ్ చదువుకి ఇక్కడి గుర్తింపు, అన్నీ గాలిలో ఉన్నాయి, ముసలాళ్ల పలవరింతలతో మనకెందుకన్నాను. అప్పుడు నువ్వన్న మాట నాకింకా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“ఒక మనిషి ఏడుపుని బొగ్గుల మీద వేశావా అక్కా.”

ఆ నెలాఖరుకే మాగ్డెబర్గ్ వెళ్లిపోయావు.

ఇప్పుడెందుకు ఇదంతా తవ్వుతున్నానంటే, పోయిన నెల నాకు పోలీసుల దగ్గర్నుంచి కవరొచ్చింది. పైనే పెద్దక్షరాలతో ‘ట్సొయ్‌గిన్’ అని ఉంది. మన బుర్రలెలాంటివో నీకు తెలుసుగా. ఈ దేశంలో అడుగుపెట్టిన రోజునుంచీ ‘ట్సొయ్‌గ్నిస్’ తెచ్చారా, ట్సొయ్‌గ్నిస్ నోటరీ చేయించారా అని సర్టిఫికెట్ల కోసం ప్రాణాలు తోడినవాళ్లే అందరూ. మళ్లీ సర్టిఫికెట్లు అడుగుతున్నారనుకుని, పదో తరగతి మార్కుల లిస్టు నుంచి ఏలూరు నర్సింగ్ స్కూల్ కాండక్ట్ సర్టిఫికెట్ దాకా ఫైలంతా పట్టుకుని వాళ్లిచ్చిన టెర్మిన్ టైముకి వెళ్లాను. ఆఫీసరమ్మ బల్ల మీద ఒక్కొక్కటీ పేర్చాను. ఆవిడ నవ్వలేదు. ఇవేవీ వద్దు, ట్సొయ్‌గిన్ అంటే సాక్షి, మిమ్మల్ని పిలిచింది సాక్షిగా అంది. ఇన్నేళ్లూ సర్టిఫికెట్ అనుకున్న మాటకీ సాక్ష్యానికీ వేరు ఒకటేనట. కాగితాలన్నీ మళ్లీ ఫైల్లో సర్దుకున్నాను.

విషయమేంటంటే, 1973లో చిలీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి దేశాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. అప్పుడు మన మీనా తాత సైన్యంలో కుర్ర డాక్టరు. ఉత్తరాన ఎడారిలో ఒక గనుల ఊరు. అక్కడి బడిలో ముగ్గురు పంతుళ్లని సైనికులు పట్టుకెళ్లారు, వాళ్లు మళ్లీ కనపడలేదు. చిత్రహింసల గదిలో ఇంకా ఎంత తట్టుకోగలడో నాడి పట్టి చూసి చెప్పేది ఈ డాక్టరేనని, ఆఖరికి వాళ్లని చంపి పారేసినప్పుడూ పక్కనే ఉన్నాడని ఆ కుటుంబాలు కేసు వేశాయి. ఈయన జర్మన్ పౌరుడు గనక విచారణ ఇక్కడే. హత్యకి ఈ దేశంలో కాలం చెల్లడమన్నది లేదట. ఈయనేమో నేను సముద్రం ఒడ్డున వేరే ఆస్పత్రిలో ఉన్నాను, ఆ ఊరు కంటితో చూసి ఎరగను అంటున్నాడు. కాదనడానికి కాగితం ముక్క లేదు.

ఆపరేషన్ తర్వాత ఆయన ఏమైనా మాట్లాడాడా అని అడిగారు. చెప్పాలో వద్దో వకీలుని అడిగి నిర్ణయించుకోండి, బలవంతం లేదు అని కూడా అన్నారు. రోగి సంగతులు బయటపెట్టకూడదన్న మన నియమం ఉంది కదా, దాని చాటున దాక్కుని గుర్తులేదన్నాను. కాని నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే అనేదానివి. పాపం ఎవరో మీనా అనే ఆవిణ్ణి పిలిచేవాడండీ అనేశాను. చిలీ కాగితాల కోసమని మూలన కూర్చోబెట్టిన దుబాసీ ఆవిడ తలెత్తింది. స్పానిష్‌లో మీనా అంటే మనిషి పేరు కాదు, గని అంది. మన ‘ఎల్లా మీనా’కి అర్థం ‘గనిలో’ అట.

ఇంకేమన్నాడు, ఏ గని అని నాలుగుసార్లు అడిగారు. ఆ ఎడారిలో పాడుపడ్డ గనులు వందలున్నాయట, అన్నీ తవ్వలేరు. డ్యూటీ కాగితంలో జె. అని సంతకం ఉంది, ఎవరిది అనీ అడిగారు. గుర్తులేదన్నాను. ఇంకో ఆధారం దొరక్కపోతే క్రిస్మస్ లోపు ఫైలు మూసేస్తారట.

జెరుషా, నువ్వు రాసిన మాటల్లో ఏవైనా గుర్తున్నాయా? ఒక్కటి గుర్తున్నా రాసి పంపించు. నన్ను తిడుతూ రాసినా సరే, రాయి.

నీ జవాబు కోసం రోజూ లెటర్ బాక్స్ తెరిచి చూసే
మీ అక్క
మేరీకుమారి


హైడెల్‌బర్గ్,
9 నవంబరు 2025, ఆదివారం.

చెల్లి జెరుషాకు,

మళ్లీ వందనాలు. నాలుగు వారాలయింది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నీ మొండితనం నాకు కొత్త కాదు. కోపంలో మూడు రోజులు అన్నం మానేసిన పిల్లవి. అయినా రాస్తున్నాను. ఇది నాకోసం కాదు, ఒక పెద్దావిడ కోసం.

మన వృద్ధాశ్రమం గేటుకి ఎదురుగా బస్‌స్టాప్ ఉంది కదా. అక్టోబరు ఆఖర్నుంచి రోజూ మధ్యాహ్నం మొదలు చీకటి పడేదాకా అక్కడ ఒక ముసలావిడ వచ్చి నిలబడుతోంది. మెడలో తాడుకి ఫోటో వేలాడుతూ ఉంటుంది. పేరు రోసౌరా, డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ ముగ్గురు పంతుళ్లలో చిన్నవాడు అన్సెల్మో ఈవిడ తమ్ముడు. కేసు మూసేస్తారేమోనని తెలిసి చిలీ నుంచి వచ్చింది. తోడుగా ఇక్కడ చదువుకునే ఆ దేశపు అమ్మాయి ఒకత్తి ఉంది, ఆవిడ మాటలు జర్మన్‌లో చెబుతుంది. అరవరు, ఎవరినీ ఆపరు, ఊరికే నిలబడతారు.

మీనా తాత ఇప్పుడు ఆశ్రమం పై అంతస్తులో సొంత గదిలో ఉంటున్నాడు. ఎనభై ఒకటి వచ్చినా మతి నిక్షేపంగా ఉంది. బాల్కనీలో టమాటా కుండీలున్నాయి. మొదటిరోజు ఆవిణ్ణి చూసి, రోలాడెన్ కాస్త దించమ్మా, ఎండ పడుతోంది అన్నాడు. ఈ మబ్బుల్లో ఎండేమిటి నా తల. కిటికీ తెర దించాను. రెండోరోజూ, మూడోరోజూ దించాను. నాలుగోరోజు మాత్రం ఆయన అడిగాక కూడా దించకుండా, చేతులు కడుక్కోవాలని చెప్పి బయటికొచ్చేశాను. నాకు తెలిసి ఆ ఆశ్రమంలో నేను ఒకరి మాట వినకపోవడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఫ్లాస్కులో టీ పోసుకుని బస్‌స్టాప్‌కి వెళ్లాను. అల్లం దట్టంగా వేశాను. ఆవిడ రెండు చేతులతో కప్పు పట్టుకుని తాగింది. నేను లోపల పనిచేసేదాన్నని నా యూనిఫారం చూసి తెలుసుకుంది. ఆయన గురించి ఒక్కటే అడిగింది, రాత్రిళ్లు నిద్ర పడుతుందా అని. పడుతుందని చెప్పాను. అబద్ధం చెప్పలేకపోయాను.

ఆవిడ కుట్టుపని చేసేది. కోటు జేబులోంచి పాత కొలత టేపు తీసి చూపించింది, అంకెలు సగం చెరిగిపోయాయి. అన్సెల్మో చిన్నప్పుడు గాడిద మీంచి పడ్డాడట, ఎడమకాలు కుడికాలికన్నా అరంగుళం పొట్టి. అది ఎవరికీ తెలియకూడదని ఆవిడే అతని పంట్లాములన్నీ ఎడమవైపు కాస్త ఎక్కువ మడిచి కుట్టేది. పట్టుకెళ్లిన రోజున కొత్త పంట్లాం ఒక కాలు కుట్టడం అయింది, రెండోది కాలేదు. ఇప్పటికీ అలాగే పెట్టెలో ఉంచింది. ఎముకలు దొరికితే డాక్టర్ల పరీక్షలు తర్వాత, ముందు ఈ టేపు పెట్టి చూస్తాను, నా తమ్ముడో కాదో నాకు తెలిసిపోతుంది అంది.

ఇంత చెప్పాక ఫోటో నిమురుతూ ఒక మాట అంది. ఆ పిల్ల జర్మన్‌లో చెప్పింది, నేను నీకు మన భాషలో రాస్తున్నాను.

“జైలు కావాలి తల్లీ, వద్దనను. కాని ముందు మావాడు కావాలి. వాడెక్కడున్నాడో మీ పెద్దాయనకి తెలుసు. యాభై రెండేళ్లుగా నాకు తెలీదు.”

జెరుషా, పోయిన ఆదివారం మన సమాధుల పండగ. నర్సాపురంలో మా తమ్ముడు నాన్న సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వీడియో కాల్ చేశాడు. నేను ఇక్కణ్ణించి ఫోన్ తెరమీద ఆ రాతిని ముట్టుకున్నాను. చనిపోయినవాళ్ల కోసం ఏడవడానికి నాకో చోటుంది, ఆ చోటు ఎప్పుడూ ఉంటుందనుకున్నాను, అదొక భాగ్యమని ఎన్నడూ అనిపించలేదు. ఆ ముసలావిడ కొవ్వొత్తి ఎక్కడ వెలిగించాలి? అసలు పోయాడని ఒప్పుకోవడానికే ఆవిడకి మనసు రావడంలేదు. వంటింట్లో ఎవరో తలుపు తీసిన చప్పుడైతే ఇప్పటికీ తిరిగి చూస్తుందట.

నీ గదిలో నీ పాత చెప్పులు ఒక జత ఉన్నాయి. వాటిని తీసెయ్యమని డెరిక్ ఎన్నిసార్లు అన్నా తీయలేదు. నువ్వు బతికున్నావు, రైలెక్కితే అయిదారు గంటల దూరంలో ఉన్నావు, అయినా నాకింత బెంగ. ఆవిడ బెంగకి పేరేం పెట్టాలో నాకు తెలీదు. నీతో మాట్లాడాలని ఉంది. పక్కన కూర్చుని నీ జడ అల్లుతూ చెప్పుకుంటే గానీ తీరని మాటలివి. రావే. ఒక్కసారి వచ్చి వెళ్లు.

జోనా నిన్ను పిన్ని అనకుండా జర్మన్‌లో ‘టాంటే జెరుషా’ అని ఇంకా తలుచుకుంటాడు. డెరిక్ వందనాలు చెప్పమన్నాడు.

ఎప్పటికీ నీ
మేరీ అక్క

తాజా కలం: ఉత్తరం ముగించి కవరు అంటించబోయి మళ్లీ తెరిచాను. రాయాల్సింది రాయకుండా చుట్టూ తిరిగాను.

నీ నోటుబుక్కు నేను కాల్చలేదు. ఆ రోజు గ్రిల్లులో ఏమీ వెయ్యలేదు. ఆరేళ్లుగా అది నా బైబిల్ జిప్పు కవరు లోపలి అరలో ఉంది. ప్రతి ఆదివారం దాన్ని చంకన పెట్టుకునే చర్చికి వెళ్లాను.

వీసా భయమన్నది సగమే నిజం. ఆయన మతి కుదుటపడ్డ రోజున నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేనేమైనా వాగానా అని అడిగాడు. నేను నవ్వుతూ, ఎవరో మీనాని పిలిచారండీ అన్నాను. ఆయన మొహంలో రక్తం లేదు, జెరుషా. తర్వాత నవ్వి, పాత ప్రియురాలు అన్నాడు. మర్నాటినుంచి రోజూ గంటసేపు నాకు జర్మన్ నేర్పించాడు. నేను బి-టూ జర్మన్ పరీక్ష పాసైంది ఆయన చలవ. ఆ మొహం చూసినప్పుడే, అది ఆడమనిషి పేరు కాదని నాకు తెలిసిపోయింది. తెలిసీ పాఠాలు చెప్పించుకున్నాను. ఆ క్రిస్మస్‌కి ఫెలోషిప్‌లో నిలబడి, దేవుడు నాకొక జర్మన్ తాతయ్యని పంపించాడని సాక్ష్యం చెబితే అందరూ హల్లెలూయా అన్నారు. అబద్ధ సాక్ష్యం పలకకూడదని సండే స్కూల్లో పిల్లలకి చెప్పేది నేనే.

పోయిన గురువారం నోటుబుక్కు పట్టుకెళ్లి పోలీసులకి ఇచ్చాను. వాళ్ల దగ్గర తెలుగు చదివేవాళ్లు లేరు. అందుకని నన్నే పైకి చదవమన్నారు. అర్థం తెలియకుండా, నువ్వు రాసింది రాసినట్టు అక్షరం వెంట అక్షరం చదివాను. ఎల్లా మీనా బియేహా. దెత్రాస్ దేలా కాపియ్యా. అబాహో. లోస్ త్రేస్. దుబాసీ ఆవిడ రాసుకుంటూ రాసుకుంటూ కలం కింద పెట్టేసింది. పాత గనిలో, చిన్న గుడి వెనకాల, అడుగున, ముగ్గురూ. కాపియ్యా అంటే ప్రార్థన చేసుకునే చిన్న గుడి అట. ఆయన చోటు చెబుతుంటే మనం కాఫీ ఇచ్చాం. ఆఖరి పేజీలో నువ్వు అన్సెల్మో అని పదకొండుసార్లు రాశావు.

ఆ ఊళ్లో గుడి పక్కన గని ఒక్కటే ఉందట. తవ్వడానికి అక్కడికి కబురు వెళ్లింది. రోసౌరా టేపు పట్టుకుని రేపు పొద్దున్న విమానం ఎక్కుతోంది. ఆశ్రమంవాళ్లు నన్ను రేపట్నుంచి డ్యూటీకి రావద్దన్నారు, వకీలుతో మాట్లాడుతున్నాను, దాని గురించి దిగులు పడకు.

ఇది ఎవరి చేతిరాత అని అడిగారు. ఈసారి గుర్తులేదనలేదు. మా చెల్లి జెరుషాది, ఆమె వింది, ఆమె రాసింది, నేను దాచాను అని చెప్పాను. విన్నది నేనేనని నువ్వు వచ్చి చెబితేనే ఈ పుస్తకం కోర్టులో నిలుస్తుందట. నీకూ ఒక కవరు వస్తుంది. పైన ట్సొయ్‌గిన్ అని ఉంటుంది. సర్టిఫికెట్లేవీ తేవద్దు. నువ్వొక్కదానివీ వచ్చెయ్. రైలు దిగేసరికి స్టేషన్లో ఉంటాను, నన్ను పలకరించకపోయినా సరే.